ఆటవిడుపు: ఏ ఆటకి ఎంత పొద్దు?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు మూడు రకాలు. "ఏ ఆట కొనమంటారు?" అనేవి మొదటి రకం. "మావాడి చేత ఆట మానిపించే ఉపాయం చెప్పండి" అనేవి రెండో రకం. మూడో రకం ఉత్తరాలు తక్కువే గాని, జవాబు చెప్పటం వాటికే కష్టం. "జుట్టు నెరుస్తున్నా ఇంకా టీవీ ముందు మీటలు నొక్కుకుంటూ కూర్చోటానికి మీకు మొహమాటంగా లేదుటండీ?" అని అడుగుతారు వాళ్ళు.

మొహమాటం లేకపోలేదు. కాని ఆ మాటకు జవాబు చివర చెబుతాను. ముందు ఈ మధ్య కొన్ని నెలలుగా ఆడిన అయిదు ఆటల సంగతి చూద్దాం.

సినిమా బాగాలేకపోతే మూడు గంటల్లో పీడ విరగడైపోతుంది. నవల బాగాలేకపోతే నలభయ్యో పేజీలో మూసెయ్యవచ్చు. టీవీకి తగిలించి ఆడే ఈ కన్సోలు ఆటల సంగతి అట్లా కాదు. కొత్త ఆట అంటే ముందుగా నాలుగైదు వేలు వసూలు చేస్తుంది. ఆపైన అరవై గంటలో, నూరు గంటలో అడుగుతుంది. రాత్రి భోజనాలయ్యాక రోజుకొక గంట చొప్పున ఆడేవాడికి నూరు గంటలంటే మూడు నెలల పైమాట. మూడు నెలల రాత్రులు ఎవరికైనా ధారపోసే ముందు వాళ్ళెటువంటి వాళ్ళో విచారించుకోవద్దూ?

అందుకని ఆటలను తూచటానికి నేను రెండే రెండు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఒకటి: చాలిద్దామనుకున్నప్పుడు చాలించనిచ్చిందా? రెండు: చాలించాక మనసులో ఏమన్నా మిగిల్చిందా? బొమ్మలెంత జిలుగుగా వున్నాయి, గడ్డిపరకలు గాలికెట్లా వూగుతున్నాయి అన్నవి ఆ తరవాతి ముచ్చట్లు.

అరచేతిలో ఇసక: ఆస్ట్రో బాట్

ప్లేస్టేషన్ 5 కన్సోలు కోసం సోనీవారి సొంత స్టూడియో, టోక్యోలోని టీమ్ అసోబీ తయారుచేసిన ఆట ఇది. 2024 సెప్టెంబరు 6న వచ్చింది. అదే యేడు డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్ సభలో ఆ సంవత్సరపు మేటి ఆటగా బహుమతి కొట్టింది. చంపుకోటాలు, నరుక్కోటాలు వున్న ఆటల మధ్య ఒక బుల్లి మరమనిషి గంతులు వేసే ఆటకి పెద్దపీట వెయ్యటం చూసి కొందరు ముక్కున వేలేసుకున్నారు. ఆడి చూస్తే ఆ వేలు తీసేస్తారు.

కథ పెద్దగా లేదు. ప్లేస్టేషన్ ఆకారంలోనే వున్న వ్యోమనౌక ఒక ఎడారి గ్రహం మీద కూలిపోతుంది. దాని సిబ్బంది, అంటే మూడు వందల పైచిలుకు బుల్లి మరమనుషులు, లోకాలన్నీ పట్టి చెల్లాచెదరైపోతారు. వాళ్ళను వెతికి తెచ్చుకోవాలి. అంతే.

గొప్పతనమంతా చేతిలో వున్న కంట్రోలరులో వుంది. బొమ్మ ఇసకలో నడిస్తే మన అరచేతిలో ఇసక నలిగినట్టు వుంటుంది. అద్దం మీద నడిస్తే టకటకమని సన్నగా తగులుతుంది. గట్టి పని చేసేటప్పుడు వేలికింద మీట బిగుసుకుని ఎదురు తిరుగుతుంది. మామూలుగా ఇట్లాంటి హంగులు వారంరోజుల మోజు. ఇక్కడ మాత్రం ప్రతి లోకంలోనూ ఒక కొత్త చమత్కారం తీసుకొచ్చి, దానితో మనం ఆడుకునేంత సేపు ఆడుకోనిచ్చి, విసుగుపుట్టేలోపల మూటకట్టేస్తారు. ఒకచోట ఏనుగు బొమ్మను వీపున తగిలించుకుంటే అది నీళ్ళు పీల్చి మనం ఎక్కటానికి మెట్లు చేసి పెడుతుంది. ఇంకొకచోట ఎలుక బొమ్మ దొరికితే మనం ఎలుకంత అయిపోతాం. ఇందాక దాటుకుంటూ పోయిన గడ్డి కాస్తా అడవై కూర్చుంటుంది.

చాలించనిచ్చిందా? నిక్షేపంగా. ఒక్కొక్క అంకం పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. కింద పడితే పక్కనుంచే మళ్ళీ మొదలు. ఇన్నిసార్లే చావాలన్న లెక్కలేదు. రోజుకొక గంట చొప్పున రెండు వారాల్లో ముచ్చట తీరిపోతుంది.

రెండు లోపాలు చెప్పాలి. మనం వెతికి తెచ్చే మరమనుషుల్లో సగం మంది ముప్పయ్యేళ్ళ ప్లేస్టేషన్ ఆటల్లోని పాత వేషాలు. తెలిసినవాడు "ఓహో, వీడా!" అని మురిసిపోతాడు. తెలియనివాడికి పెళ్ళివారింట్లో ఫోటోల ఆల్బం తిరగేసినట్టు వుంటుంది. ఎవరికి ఎవరేమవుతారో అర్థంకాక తలవూపి వూరుకోవాలి. రెండోది, చివర్లో వచ్చే కొన్ని పొట్టి పరీక్షలు. మధ్యలో ఆనవాలు నిలపవు గనక ఒక్క తప్పటడుగు వేస్తే మళ్ళీ మొదటికి రావాలి. చిన్నపిల్లలు అక్కడ కంట్రోలరు నేలకేసి కొట్టే ప్రమాదం వుంది. పెద్దలూ అతీతులేమీ కారు.

నిధీ, నిధనమూ: ఎల్డెన్ రింగ్

జపాను కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. దర్శకుడు హిదెతాకా మియజాకీ. ఆ ప్రపంచపు పూర్వగాథను అమెరికను నవలాకారుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అల్లిపెట్టాడు. 2022 ఫిబ్రవరి 25న విడుదలై, యేడాది తిరిగేసరికి రెండు కోట్ల ప్రతులు దాటింది. ఇంత కష్టమైన ఆటను అంతమంది కొనటం ఒక వింత.

కష్టమంటే ఎట్లాంటిదో చెబుతాను. మొదటి గుహ దాటి వెలుతురులోకి అడుగు పెడతాం. ఎదురుగా పచ్చిక బయలు, దూరాన బంగారంలా మెరిసే మహావృక్షం. ఆహా అనుకుంటూ నాలుగడుగులు వేస్తే, బంగారు కవచం తొడుక్కున్న రౌతు ఒకడు గుర్రం మీద పచార్లు చేస్తూ కనిపిస్తాడు. కొత్తవాడు ఆటల్లో మొదట ఎదురైన శత్రువు మెతకవాడై వుంటాడన్న నమ్మకంతో మీదికి వెళతాడు. మూడు దెబ్బలకి ప్రాణం పోతుంది. మళ్ళీ వెళతాడు. మళ్ళీ పోతుంది.

వాడితో ఇప్పుడే పోట్లాడమని ఎవరన్నారు? పక్కనుంచి తప్పుకుపోవచ్చు. వూళ్ళు తిరిగి, బలం పెంచుకుని, పది రోజుల తరవాత తిరిగి వచ్చి లెక్క సరిచేసుకోవచ్చు. ఈ ఆట నేర్పే మొదటి పాఠం పోట్లాట కాదు, పోట్లాట వాయిదా వెయ్యటం. ఇంటా బయటా ఎంతో పనికొచ్చే విద్య.

చచ్చిపోయిన చోట అంతదాకా సంపాదించిందంతా కుప్పగా పడిపోతుంది. వెనక్కి వెళ్ళి ఏరుకోవచ్చు. ఆ దారిలో మళ్ళీ చస్తే మాత్రం ఆ సంపాదన నీళ్ళపాలే. ఇతర ఆటగాళ్ళు నేలమీద రాసిపోయిన మాటలు కూడా మనకు కనిపిస్తూ వుంటాయి. కొందరు పుణ్యాత్ములు "ముందు జాగ్రత్త" అని రాస్తారు. మరికొందరు "ఇక్కడినుంచి దూకితే నిధి" అనే అర్థం వచ్చేట్టు రాస్తారు. దూకితే నిధి వుండదు, నిధనం వుంటుంది.

ఇందులో తేలికగా ఆడుకునే ఏర్పాటు పెట్టలేదు. పెట్టాలా వద్దా అని ఆటగాళ్ళలో పెద్ద తగవు వుంది. "మేం తలబద్దలు కొట్టుకుని గెలిచాం గనక మీరూ కొట్టుకోండి" అనేది ఒక వర్గం. అత్తగారి చేత బాధలు పడిన కోడలు తాను అత్తగారయ్యాక ఆడే మాట ఇట్లాగే వుంటుంది. నా వుద్దేశం చెప్పమంటే, ఆటలోనే సాయం బోలెడంత వుంది. ఆవాహన చేస్తే వచ్చి మనవైపు పోరాడే ఆత్మలున్నాయి, ఇతర ఆటగాళ్ళని తోడు పిలుచుకునే వీలుంది, ముందుగా బలం పెంచుకునే మార్గాలున్నాయి. అవి వాడుకోటం చేతగానితనమని వెక్కిరించేవాళ్ళ మాట చెవిని పెట్టకండి. అయినా వేళ్ళు చురుగ్గా కదలనివాళ్ళకి, చూపు మందగించినవాళ్ళకి ఈ సాయాలు చాలవు. వాళ్ళకోసం మరొక తలుపు తెరిచి వుంచితే, గెలిచినవాళ్ళ గెలుపులో తరుగేమీ పోదు.

ఇక నా అసలు ఫిర్యాదు. ఈ ఆటలో "కాస్త ఆగు" అనే మీట లేదు. పోట్లాట మధ్యలో గ్యాసు సిలిండరు అతను బెల్లు కొడితే, మనం తలుపు తీసి, డబ్బిచ్చి, రసీదు తీసుకుని వచ్చేలోపల అక్కడ మనవాడు పరమపదిస్తాడు. బ్రహ్మచారులకు పనికొచ్చే ఏర్పాటిది, సంసారులకు కాదు.

చాలించనిచ్చిందా అంటే సగమే మార్కులు. మిగిల్చిందా అంటే నూటికి నూరు. పదిహేనుసార్లు వోడి పదహారోసారి గెలిచినప్పుడు, ఆ గెలుపు దయతలచి ఇచ్చింది కాదని చేతులకి తెలుస్తుంది. ఇప్పటి వినోదాల్లో ఆ తృప్తి చాలా అరుదు.

డబ్బు పోని పేకాట: బలాత్రో

తెలుగువాళ్ళకి పేకాట గురించి చెప్పబోవటం హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేసినట్టే. అయినా ఈ పేకాట వేరు. కెనడాలో లోకల్‌థంక్ అనే మారుపేరు పెట్టుకున్న ఒక్క మనిషి దీన్ని తయారుచేశాడు. 2024 ఫిబ్రవరి 20న వచ్చింది. దాదాపు అన్ని కన్సోళ్ళ మీదా ఆడవచ్చు. 2025 జనవరికల్లా యాభై లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి.

ఎదటి ఆటగాడు లేడు. చేతిలో వున్న ముక్కల్లోంచి అయిదింటిదాకా ఎంచి పరచాలి. జత పడిందా, వరస పడిందా, అన్నీ ఒకే రంగా అన్నదాన్ని బట్టి గుణకారం. మచ్చుకి ఒక లెక్క. ఆఠీను రాజు, రాణి, తొమ్మిది, ఏడు, రెండు చేతిలో వున్నాయనుకోండి. అయిదూ ఒకే రంగు గనక మూలధనం 35. ముక్కల విలువ పదీ, పదీ, తొమ్మిదీ, ఏడూ, రెండూ కలిస్తే 38. మొత్తం 73. ఒకే రంగుకి గుణకం 4. వెరసి 292. మొదటి పందెంలో చేరాల్సిన అంకె 300. ఎనిమిదికి తక్కువ! పరవాలేదు, ఇంకా మూడు దెబ్బలు మిగిలే వుంటాయి.

ఇప్పుడు అంగట్లో ఒక జోకరు కొన్నారనుకోండి. మామూలు జోకరు గుణకానికి నాలుగు కలుపుతుంది. అవే ముక్కలు ఈసారి 73 ఇంటూ 8, అంటే 584. జోకర్లు 150 రకాలున్నాయి. ఒకదానికొకటి ముడిపడితే లెక్క వేలు దాటి, లక్షలు దాటి, చదవటానికి వీల్లేని అంకెలవుతుంది. పద్దులు రాసేవాళ్ళెవరన్నా ఈ ఆట మొదలుపెడితే ఇక వాళ్ళు మనకు దొరకరు.

దీని చుట్టూ నడిచిన ఒక తగవు అందరూ తెలుసుకోదగ్గది. పేక ముక్కలు కనిపిస్తున్నాయి గనక ఇది జూదం నేర్పుతుందని, యూరపులో ఆటలకి వయసు నిర్ణయించే పెగీ సంస్థ 2024లో దీనికి 18 యేళ్ళ ముద్ర వేసింది. ఇందులో అసలు డబ్బు పైసా పందెం లేదు. అదే సమయంలో, లోపలేముందో తెలియని పొట్లాలని అసలు డబ్బు పోసి కొనిపించే ఫుట్‌బాలు ఆటకి మూడేళ్ళ పిల్లలకు కూడా తగునన్న ముద్ర వుంది. ఆ తేడాని తయారుచేసినతనే నవ్వుతూ ఎత్తి చూపాడు. ప్రచురణకర్తలు అప్పీలు చేసుకోగా 2025 ఫిబ్రవరిలో దీన్ని 12 యేళ్ళకి దించారు.

మనకీ ఈ విచక్షణ అవసరమే. తెలంగాణాలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ డబ్బుతో ఆడే ఆన్‌లైను రమ్మీ వగైరాలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ అట్లాంటి చట్టం చేసింది. ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలైన సంసారాలు మనకు తెలియనివి కావు. కాని ఆ భయంతో పేకముక్క బొమ్మ కనిపించిన ప్రతి ఆటనీ తిట్టి, రంగురంగుల పెట్టెలు విప్పించి పిల్లల చేత డబ్బు ఖర్చు పెట్టించే ఆటని ముద్దుచేస్తే దొంగని వదిలి గొంగళిని పట్టుకున్నట్టే. ముక్కలెట్లా వున్నాయని కాదు, పర్సు తెరవమంటోందా లేదా అని చూడాలి.

ఇంత వెనకేసుకొచ్చి ఒక మాట దాచటం న్యాయం కాదు. ఈ ఆటలో డబ్బు పోదు, నిద్ర పోతుంది. పందెం వోడగానే "ఇంకొక్కటి" అనిపిస్తుంది. కొత్త ఆట మొదలుపెట్టటానికి రెండు క్షణాలు చాలు. మొదటి ప్రశ్నకి దీనికి సున్న. రెండో ప్రశ్నకి కూడా పెద్ద మార్కులు ఇవ్వలేను. మర్నాడు పొద్దున ఆఫీసులో మిగిలింది ఆవలింతలే. చమత్కారంలో మాత్రం ఈ అయిదింటిలో దీనికి సాటి లేదు. వారానికొకరోజు పెట్టుకోండి, పక్కన గడియారం పెట్టుకుని.

చిరిగిన పేజీ: వెణ్బా

టొరాంటోలోని విసై గేమ్స్ అనే చిన్న సంస్థ తయారుచేసిన చిన్న ఆట. 2023 జులై 31న వచ్చింది. మరుసటి యేడు బాఫ్టా వారి తొలి ప్రయత్నపు బహుమతి అందుకుంది. 1980లలో కెనడాకు వెళ్ళిన తమిళ దంపతుల కథ ఇది. వెణ్బా ఇల్లాలి పేరు. భర్త పావలన్. అక్కడ పుట్టిన కొడుకు కవిన్.

ఆటలో మనం చేసేది వంట. వెణ్బా తల్లి దగ్గరినుంచి వచ్చిన వంటల పుస్తకం వుంది. కొన్ని పేజీలు చిరిగాయి, కొన్నిచోట్ల అక్షరాలు అలుక్కుపోయాయి. మిగిలిన ముక్కలు చూసి, పోయిన ముక్కలు వూహించుకుని వండాలి. ఇడ్లీ రేకుల్ని ఏ వరసలో పేర్చాలి, ఆవిరి ఎట్లా పైకి పోవాలి అన్నది ఒక చిక్కుముడి. పుట్టు గొట్టంలో పిండీ కొబ్బరీ ఏది ముందు ఏది వెనక అన్నది ఇంకొకటి. మన ఆడవాళ్ళకి ఇదొక చిక్కుముడా అని నవ్వు వస్తుంది. మా ఆవిడ వెనకనుంచి వచ్చి ఇడ్లీ ఘట్టం చూసి, "ఇందుకు నాలుగు నిమిషాలు ఆలోచిస్తారా!" అని పోయింది.

నవ్వు అంతటితో ఆగుతుంది. పిల్లవాడు పెరుగుతాడు. ఇంట్లో మాట్లాడే భాషంటే బిడియం మొదలవుతుంది. తల్లి పెట్టిన డబ్బా స్కూల్లో తెరవటానికి మనసొప్పదు. పెద్దవాడయ్యాక ఆ పుస్తకం తెరిచి చూస్తే, అమ్మమ్మ భాష సరిగా చదవటం రాదు. చిరిగింది పేజీ ఒక్కటే కాదని అప్పుడు మనకి తెలుస్తుంది.

తమిళ కథ అయినా, డల్లాసులోనో, టొరాంటోలోనో కొడుకూ కోడలూ వున్న తెలుగు తల్లిదండ్రులు దీన్ని పరాయి కథ అనుకోలేరు. మనం తెలుగులో అడిగితే మనవలు ఇంగ్లీషులో జవాబు చెప్పటం ఎన్ని ఇళ్ళల్లో చూడటంలేదు? ఈ ఆట అందుకు పిల్లవాణ్ణి దోషిగా నిలబెట్టదు. తల్లిని దేవతనీ చెయ్యదు. పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్ళు ఏం సంపాదించారో, దానికి ఏం చెల్లించారో ఎదురుగా పెట్టి తప్పుకుంటుంది.

లోపాలు వున్నాయి. గంటన్నరలో అయిపోతుంది. చిక్కుముడులు తక్కువ, వున్నవీ తేలిక. యేళ్ళకు యేళ్ళు ఒక్క గెంతులో దాటేస్తారు. విస్తరి వేసి, నీళ్ళు చల్లి, మూడు పదార్థాలు వడ్డించగానే చెయ్యి కడుక్కోమన్నట్టు వుంటుంది. అయినా వడ్డించిన మూడూ రుచిగా వున్నాయి. చాలించటం అన్న ప్రశ్నే రాదు. మిగల్చటంలో మాత్రం నూరు గంటల ఆటలు కొన్ని దీని ముందు దిగదుడుపే.

పూలదండల సాయంత్రం: క్లేర్ ఆబ్‌స్క్యూర్, ఎక్స్‌పెడిషన్ 33

ఫ్రాన్సులోని మోంపెల్యే పట్నంలో సుమారు ముప్పయిమంది ముఖ్య బృందంతో, బయటివారి సాయం కొంత తీసుకుని, సాండ్‌ఫాల్ అనే కొత్త సంస్థ తీసుకొచ్చిన ఆట ఇది. దర్శకుడు గియోమ్ బ్రోష్. 2025 ఏప్రిల్ 24న వచ్చింది. అదే డిసెంబరులో ది గేమ్ అవార్డ్స్‌లో ఆ యేటి మేటి ఆట అనిపించుకుంది.

కథ ఎత్తుగడ వింటే చాలు. లుమియేర్ అనే నగరం. సముద్రానికి ఆవల ఒక మహాస్తంభం. యేడాదికొకసారి ఒక చిత్రకారిణి నిద్రలేచి దానిమీద ఒక అంకె వేస్తుంది. ఆ అంకె వయసు వాళ్ళందరూ ఆ క్షణాన పూలరేకులై గాలిలో కలిసిపోతారు. యేటేటా అంకె ఒకటి తగ్గుతూ వస్తోంది. ఈసారి 33. అందుకని ఆ వూళ్ళో ముసలివాళ్ళు లేరు. ఎవరి చావు ఏ యేడో అందరికీ తెలుసు. ఆ సాయంత్రం వెళ్ళిపోబోయేవాళ్ళు పూలదండలు వేసుకుని రేవుకి వస్తారు. తెలిసినవాళ్ళు పక్కన నిలబడి వీడ్కోలు చెబుతారు. ఇంకొక్క యేడే ఆయువు వున్నవాళ్ళు కొందరు ప్రతియేటా పడవెక్కి ఆ చిత్రకారిణిని ఆపటానికి బయలుదేరతారు. అట్లా బయలుదేరిన ఒక దండుతో మనం పోతాం.

దండ అంటే మనకు పెళ్ళికీ, సన్మానానికీ, ఆఖరి ప్రయాణానికీ ఒకటే. తయారుచేసినవాళ్ళకు మన సంగతి తెలిసివుండదు గాని, ఆ రేవు దృశ్యం చూస్తుంటే నాకు అదే తోచింది.

పోట్లాట వంతులవారీగా సాగుతుంది. మన వంతులో ఆలోచించుకుని దెబ్బ వెయ్యవచ్చు. శత్రువు వంతులో మాత్రం వాడి కత్తి పడే క్షణానికి సరిగ్గా మీట నొక్కి తప్పుకోవాలి, లేదా అడ్డుకోవాలి. తాళం తెలిసినవాడికి ఇది హాయిగా వుంటుంది. తెలియనివాడికి కష్టం కాబట్టి మూడు అంతస్తుల్లో కష్టం ఎంచుకునే వీలు పెట్టారు. కథ కోసం ఆడేవాళ్ళు అన్నిటికన్నా తేలికైనది ఎంచుకోవచ్చు, నామోషీ ఏమీలేదు. లోరియెన్ టెస్టార్ సంగీతం వినటానికే కొన్నిచోట్ల నడక ఆపి నిలబడిపోయాను.

లోపం చెప్పాలంటే, పెద్ద ప్రపంచానికి పటం వుంది గాని, లోపలి ప్రదేశాలకు లేదు. వెళ్ళిన దారినే మళ్ళీ వెళుతున్నామని గ్రహించేసరికి పావుగంట పోతుంది. రెండో సగంలో కథ తిరిగే మలుపు గురించి చెప్పను. చెబితే మీరు నన్ను క్షమించరు. ముప్పయి గంటల చిల్లర పడుతుంది. ఆ ముప్పయి గంటలకీ ఒక ముగింపు వుంది. నెలనెలా కొత్త అధ్యాయం తగిలించి, మనం ఎప్పటికీ లేవకుండా చూసే ఆటల కాలంలో, కథ అయిపోయింది ఇంటికి వెళ్ళండి అని చెప్పే ఆట మర్యాదగల ఆట.

ఉత్తరాలకు జవాబులు

"పదేళ్ళ అబ్బాయికి ఏది?" అన్న తల్లిగారికి: ఆస్ట్రో బాట్. ఎల్డెన్ రింగ్, ఎక్స్‌పెడిషన్ పెద్దవాళ్ళ ఆటలు. ఆట పెట్టె మీద వయసు అంకె అచ్చువేసి వుంటుంది. దుకాణంవాడి మాటకన్నా ముందు అది చూడండి. బలాత్రో తగవులో చూశాం గదా, ఆ అంకె కూడా వేదవాక్కు కాదు. మొదటి రోజు పక్కన కూర్చుని ఒక గంట చూడండి. లోపల డబ్బులు అడుగుతోందేమో అప్పుడే తేలిపోతుంది.

"ఖర్చు తగ్గే మార్గం?" అన్న విద్యార్థికి: వీలైతే డిస్కు కొనుక్కో నాయనా. ఆడేశాక స్నేహితుడికి ఎరువివ్వవచ్చు, సగం ధరకి అమ్ముకోవచ్చు. ఇంటర్నెట్టులో దింపుకున్న ఆట నీ ఒక్కడి ఖాతాకే కట్టుబడి వుంటుంది. అయితే డిస్కు పెట్టే చోటులేని ప్లేస్టేషన్లు కూడా అమ్ముతున్నారు. కన్సోలు కొనేటప్పుడే ఆ సంగతి చూసుకో.

"మావాడి చేత ఆట మానిపించటం ఎట్లా?" అన్న తండ్రిగారికి: ఏ ఆటో మీరు రాయలేదు. ముగింపు వున్న ఆటైతే అదే మానిపిస్తుంది, ఓపిక పట్టండి. ముగింపు లేని ఆటైతే తీసేసి ఊరుకుంటే సరిపోదు; ముగింపు వున్నది ఒకటి చేతికివ్వండి. ఇడ్లీ రేకుల ఆట తెచ్చి ఇద్దరూ కలిసి ఆడండి. గంటన్నరే కదా.

ఇక జుట్టు నెరిసినవాడి మొహమాటం సంగతి. మన గుళ్ళ మంటపాల్లో రాతినేల మీద పులిజూదం గళ్ళు చెక్కి వుండటం మీరు చూసేవుంటారు. అవి పిల్లలు చెక్కినవి కావు. పొలం పని, పూజ, తగవుల తీర్పు అన్నీ అయ్యాక పెద్దవాళ్ళే అక్కడ కూర్చుని రాళ్ళు కదిపారు. వాళ్ళెవరూ మొహమాటపడినట్టు లేదు. చీకటిపడితే లేచి ఇళ్ళకు పోయారు, అంతే. నేనూ తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి పదిన్నరకి లేస్తున్నాను. బలాత్రో పెట్టిన రోజు సంగతి మాత్రం అడక్కండి.

వచ్చేవారం ఇద్దరు కలిసి ఆడే ఆటల గురించి. దంపతులు విడివిడిగా కూర్చుని చదవటం మంచిది.